పాత వీట్‌స్టన్ కాన్సర్టినా: అది ఎప్పటిదో, ఎవరెవరిదో ఎలా తెలుసుకోవాలి?

తరువాత చదివేవారికీ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. లీడ్స్‌లో మీ పొరుగింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ మీ అమ్మాయికి ఒక పాత కాన్సర్టినా ఇచ్చారు. తిత్తిని నొక్కుతూ లాగుతూ, బొత్తాలు నొక్కి వాయించే చేతి వాద్యం అది. ఆరు మూలల పెట్టె, రోజ్‌వుడ్ జాలీ పలకలు, రెండు వైపులా కలిపి 48 బొత్తాలు, నాలుగు మడతల ఆకుపచ్చ తోలు తిత్తి. ఒక వైపు జాలీలో అండాకారపు కాగితపు చీటీ మీద సి. వీట్‌స్టన్, 20 కాండ్యూట్ స్ట్రీట్, లండన్ అని ఉంది. రెండో వైపు చీటీ మీద ఐదంకెల సంఖ్య ఉంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో (గ్రేట్ ఎగ్జిబిషన్) తమ పూర్వీకుడు ఒకాయన దాన్ని కొన్నారని ఆవిడ చెప్పారు. అది నిజమేనా, ఎవరు చేశారు, ఎవరెవరి చేతులు మారింది, రిపేరుకు ఇచ్చేముందు ఏమి చూసుకోవాలి, వేసవిలో గుంటూరు తీసుకువెళ్లి తాతగారికి చూపించవచ్చా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. అది అమ్ముడైన తేదీ మీకు దాదాపుగా దొరుకుతుంది. మొదట కొన్నవారి పేరు కూడా దొరికే అవకాశం బాగానే ఉంది. ఆ తరువాతి యజమానుల వివరాలు మాత్రం ఏ దస్తరంలోనూ ఉండవు. పెట్టె లోపలి గుర్తులనూ, ఆ పెద్దావిడ జ్ఞాపకాలనూ కలిపి మీరే కూర్చుకోవాలి. 1851 కథ ఆ రూపంలో నిలబడదు. వీట్‌స్టన్ కంపెనీ ఆ ప్రదర్శనలో కాన్సర్టినాలు పెట్టిన మాట నిజం. కానీ ఆ సంవత్సరానికి వారి వరస సంఖ్యలు ఇంకా పదివేలకు చేరలేదు. మీది ఐదంకెల సంఖ్య. చీటీ అసలుదే అయితే మీ పెట్టె ఆ తరువాతే పుట్టింది.

ఇంకొక మాట ఇప్పుడే చెప్పాలి. ఫోటోలు తీసి, అన్నీ రాసుకునేదాకా దాన్ని ఎవరిచేతా శుభ్రం చేయించకండి, శ్రుతి చేయించకండి, మెరుగు పెట్టించకండి. నా దగ్గరకు వచ్చే పాత కాన్సర్టినాలలో చరిత్ర పోయినవన్నీ నిర్లక్ష్యం వల్ల పోయినవి కావు. ప్రేమతో చేయించిన రిపేరులో పోయినవే ఎక్కువ.

ఈ వీట్‌స్టన్ ఎవరని మీరు అడగలేదు కానీ, ఇంటర్మీడియట్ ఫిజిక్స్ ల్యాబులో వీట్‌స్టన్ బ్రిడ్జి చేసినవారందరికీ ఆయన పేరు తెలుసు. ఆయనే ఈయన. చార్లెస్ వీట్‌స్టన్ (1802–1875) వాద్యాల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టి, లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. విలియం కుక్‌తో కలిసి 1837లో విద్యుత్ టెలిగ్రాఫ్‌కు పేటెంటు తీసుకున్నారు. బ్రిడ్జిని నిజానికి ముందు కనిపెట్టింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ, దానికి ప్రచారం తెచ్చింది వీట్‌స్టన్. కాన్సర్టినా విషయంలో మాత్రం బొత్తాల అమరిక సొంతంగా ఆయనదే. 1829 పేటెంటులో నోటితో ఊదే సింఫోనియం అనే చిన్న వాద్యానికి ఆ అమరికను వాడారు. దానికే తిత్తి తగిలిస్తే కాన్సర్టినా అయింది. 1844లో ఇంకొక పేటెంటు తీసుకున్నారు. అదే కాలంలో జర్మనీలోని కెమ్నిట్స్‌లో కార్ల్ ఫ్రెడ్రిక్ ఊలిగ్ 1834లో వేరే పద్ధతిలో ఇంకో కాన్సర్టినా చేశారు. దాన్లో తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే మరో స్వరం వస్తాయి. మీ దానిలో నొక్కినా లాగినా ఒకే స్వరం పలుకుతుంది. ఇంగ్లిష్ కాన్సర్టినా అనేది దీనినే.

మన పద్యనాటకాల హార్మోనియంలో ఉన్న సూత్రమే దీనిలోనూ ఉంది. రీడు అనే సన్నని లోహపు నాలుక ఒక చీలికలో గాలికి అటూ ఇటూ ఊగి మోగుతుంది. తేడా ఏమిటంటే హార్మోనియంలో గాలి ఒకే దిశలో వెళుతుంది, కాబట్టి ఒక స్వరానికి ఒక రీడు చాలు. కాన్సర్టినాలో గాలి రెండు దిశల్లోనూ నడుస్తుంది కాబట్టి ప్రతి బొత్తానికీ రెండు రీడ్లు కావాలి. మీ 48 బొత్తాల పెట్టెలో 96 రీడ్లు ఉంటాయి. ఈ 96 రీడ్లే మీ ముఖ్య సాక్షులు. అవి చెప్పేదాకా వెళ్లే ముందు దస్తరాల సంగతి చూద్దాం.

వీట్‌స్టన్ కంపెనీ పద్దు పుస్తకాలు చాలావరకు మిగిలాయి. అవి లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి పేజీల చిత్రాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఆ పని వెనుక ముఖ్యంగా నిలిచిన వ్యక్తి, పవర్‌పాయింట్ సృష్టికర్తగా మనకు తెలిసిన రాబర్ట్ గాస్కిన్స్. ఆయన కాన్సర్టినా ప్రేమికుడు. ఈ వాద్యం చరిత్ర గురించి ఇప్పుడు మనం ఇంత ధైర్యంగా మాట్లాడగలుగుతున్నామంటే ఆ పేజీలు అందరికీ తెరిచిపెట్టినందువల్లే. 1830ల నుంచి 1891 దాకా అమ్మకాల పద్దులు, 1910 నుంచి తయారీ పద్దులు ఉన్నాయి. నడుమ ఖాళీ ఉంది. మీ సంఖ్య, చిరునామా చూస్తే మీది అమ్మకాల పద్దుల కాలానిదే అయ్యే అవకాశం ఎక్కువ. కంపెనీ 20వ శతాబ్దం మొదట్లో కాండ్యూట్ స్ట్రీట్ వదిలి వెస్ట్ స్ట్రీట్‌కు మారింది.

పద్దులో ఒక్కో వరుసలో తేదీ, పేరు, వాద్యం సంఖ్య, ధర కనిపిస్తాయి. రాత గొలుసుకట్టుగా ఉంటుంది, ఓపిక కావాలి. సంఖ్యల వరసన కాక అమ్మిన రోజుల వరసన రాసినవి కాబట్టి మీ సంఖ్య కోసం దగ్గరి సంఖ్యలు కనిపించే పేజీలకు వెళ్లి, ముందూ వెనకా చాలా పేజీలు తిప్పాలి. చేసిన పెట్టె వెంటనే అమ్ముడుపోవాలని లేదు, కొన్ని దుకాణంలో చాలాకాలం ఉండిపోయేవి. అందుకే పద్దులోని తేదీ అమ్మిన తేదీ, చేసిన తేదీ కాదు అని గుర్తుంచుకోండి.

ఒకసారి మీ సంఖ్య దొరికిందని అక్కడితో ఆగకండి. ఒకే సంఖ్య పద్దుల్లో రెండు మూడు చోట్ల కనిపించడం మామూలే. వీట్‌స్టన్ వారు వాద్యాలను అద్దెకు ఇచ్చేవారు, పాతవి తిరిగి తీసుకుని కొత్తవి ఇచ్చేవారు, తిరిగి వచ్చినవాటిని మళ్లీ అమ్మేవారు. మొదట కనిపించిన పేరునే యజమాని అనుకుంటే, ఆయన కొన్ని వారాలు అద్దెకు తీసుకుని తిరిగి ఇచ్చేసిన మనిషి కావచ్చు.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. పద్దులో ఉన్న పేరు వాయించినవారిది కాకపోవచ్చు. జూలియో రెగోండి, రిచర్డ్ బ్లాగ్రోవ్ వంటి నాటి ప్రసిద్ధ విద్వాంసులు, గురువులు తమ శిష్యుల కోసం కొనేవారు. దుకాణదారులు తిరిగి అమ్మడానికి కొనేవారు. పద్దులో రెగోండి పేరు కనిపిస్తే అది రెగోండి వాయించిన వాద్యం అని ప్రకటించేవారిని నేను చూశాను. ఆయన చేతుల మీదుగా వెళ్లిందని మాత్రమే ఆ వరుస చెబుతుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం కథ చెబుతాను. వారి పెట్టె సంఖ్య పక్కన పద్దులో కెప్టెన్ హోదాతో వారి ఇంటిపేరే ఉంది. వారి వంశంలో నిజంగానే ఒక కెప్టెన్ ఉన్నాడు. అందరూ సంబరపడ్డారు. నేను జనాభా లెక్కలు చూడమన్నాను. బ్రిటన్‌లో 1841 నుంచి 1921 దాకా ప్రతి పదేళ్ల లెక్కల్లోనూ ఇంటింటి పేర్లు దొరుకుతాయి. వారి కెప్టెన్ పద్దు తేదీ నాటికి ఏడేళ్ల పిల్లవాడు. ఆ ఇంటిపేరుతో మరో కెప్టెన్ లండన్‌లోనే ఉండేవాడు. పెట్టె వారి ఇంటికి ఆ తరువాత ఎప్పుడో పాతదిగా వచ్చింది. ఆ కుటుంబం నిరాశపడినా వెతకడం మానలేదు. చివరకు పెట్టెతో పాటు ఉన్న తోలు సంచీలో మడిచిన ఒక రసీదు దొరికింది. ఇంట్లోకి అది ఎలా వచ్చిందో ఆ రసీదే చెప్పింది.

ఇప్పుడు పెట్టె విప్పడం. మీకు చేతి పని అలవాటు లేకపోతే ఎవరైనా కాన్సర్టినా పనివారి దగ్గర, మీరు పక్కన కూర్చుని విప్పించండి. ఒక అట్టముక్క మీద షడ్భుజం గీసి, ప్రతి మూలలోంచి తీసిన మరను అట్ట మీద అదే మూలలో గుచ్చండి. పాత మరలు చేత్తో తయారైనవి. ఒక్కోటి తన రంధ్రానికే సరిగ్గా సరిపోతుంది, మార్చి బిగిస్తే లోపలి మరచుట్లు పోతాయి. రెండో వైపుకు వేరే అట్ట తీసుకోండి. మర గాటుకు సరిపోయే వెడల్పాటి స్క్రూడ్రైవరు లేకపోతే పని మొదలుపెట్టనే వద్దు.

జాలీ పలక లేపగానే మీటలు, స్ప్రింగులు, తోలు ప్యాడ్లు కనిపిస్తాయి. దాని కింద రీడ్లు అమర్చిన పలక ఉంటుంది. దాన్ని రీడ్ ప్యాన్ అంటారు. రీడ్లు ఇత్తడి చట్రాల్లో ఉండి, చెక్కలో చెక్కిన ఏటవాలు గాళ్లలోకి జారి బిగుసుకుని ఉంటాయి. జిగురు ఉండదు, మేకు ఉండదు. ఇంగ్లిష్ కాన్సర్టినా పనితనంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఒక్క రీడు పాడైతే దానినొక్కదాన్నే బయటకు లాగి సరిచేసి మళ్లీ తోయవచ్చు. ఇన్నేళ్ల తరువాత కూడా ఇవి పలుకుతున్నాయంటే ఆ ఏర్పాటు వల్లే.

సంఖ్య ఎన్ని చోట్ల ఉందో చూడండి. చీటీ మీది సంఖ్య సగం సాక్ష్యమే. కాగితాన్ని ఎవరైనా అతికించవచ్చు. అదే సంఖ్య రెండు రీడ్ ప్యాన్ల మీద, మీటల పలకల మీద, తిత్తి చట్రం లోపల ముద్రించి గాని రాసి గాని ఉండాలి. కుడి ఎడమలు రెండింటిలోనూ చూడండి. నేను విప్పిన ఒక పెట్టెలో కుడివైపు అంతా చీటీ సంఖ్యతో సరిపోయింది, ఎడమవైపు ప్యాన్ మీద పూర్తిగా వేరే సంఖ్య ఉంది. రెండు పాత పెట్టెల్లో బాగున్న భాగాలు కలిపి ఎవరో ఒకటి చేశారు. అప్పుడు ఆ వాద్యానికి రెండు పుట్టుకలు, ఇద్దరు మొదటి కొనుగోలుదారులు. వాయించేవారికి దీనితో పట్టింపు లేదు. చరిత్ర రాసేవారికి మాత్రం ఇదే మొదటి పంక్తి కావాలి. సంఖ్య కాని మరికొన్ని చిన్న అంకెలు కూడా కనిపిస్తాయి. అవి కార్ఖానాలో ఒకేసారి చేసిన జతలను గుర్తుపట్టడానికి వేసుకున్నవి. వాటిని వరస సంఖ్యతో కలిపి చూడకండి.

పెన్సిల్ రాతల కోసం పక్కనుంచి టార్చి వేసి చూడండి. మీటల పలక అడుగున, జాలీ పలక లోపలి వైపున, తిత్తి చట్రం గోడల మీద పనివారు సంతకాలు, తేదీలు రాసేవారు. రిపేరు చేసినవారూ రాసేవారు. ల్యాంకషైర్‌లో ఒక ఊరి పెట్టెలో రిపేరు చేసిన మనిషి పేరు, ఊరు, సంవత్సరం మూడూ దొరికాయి. ఆ ఊరి పాత పత్రికల్లో ఆయన ప్రకటన కూడా దొరికింది. లండన్‌లో పుట్టిన వాద్యం ఆ సంవత్సరానికి ఉత్తరాన ఉందని ఆ ఒక్క గీతతో తేలింది. మెత్తని రబ్బరుతో శుభ్రం చేసేవారు ముందుగా తుడిచేసేవి ఇవే, అందుకే పైన అంత గట్టిగా చెప్పాను.

ఎవరు చేశారన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పలేం. చార్లెస్ వీట్‌స్టన్ తన చేతులతో చేసింది కాదు. ఇలాంటి పెట్టె ఒక్కటి పూర్తయ్యేసరికి రీడ్లు దిద్దేవారు, జాలీ కోసేవారు, తిత్తి కట్టేవారు, శ్రుతి చేసేవారు ఇలా చాలామంది చేతులు పడతాయి. వారిలో ఒకరి పేరు మాత్రం ఇక్కడ చెప్పాలి. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన లూయీ లాషెనాల్ 1840ల నుంచి వీట్‌స్టన్ వారికి పనిచేశారు, ఒకే కొలతల్లో భాగాలు తీసే యంత్రపు పనిముట్లు తెచ్చారు. 1850ల చివరలో సొంత వ్యాపారం పెట్టుకున్నారు, 1861లో మరణించారు. ఆయన పేరు మీది కంపెనీ 1930ల దాకా సాగింది. కాబట్టి 1850ల నాటి వీట్‌స్టన్ పెట్టెల్లో లాషెనాల్ పనితనం ఉంటుంది. మీది ఆ మలుపుకు అటా ఇటా అన్నది పద్దు తేదీ తేలిస్తే తెలుస్తుంది.

తిత్తి గురించి ఒక మాట. తొలి వీట్‌స్టన్ తిత్తులకు నాలుగు మడతలు, తరువాతివాటికి అయిదు, ఆరు. మీది నాలుగు మడతలది అంటున్నారు, ఆకుపచ్చ తోలు, మడతల మీద చిన్న నక్షత్రాల కాగితం ఉంటే అది పుట్టుకతో వచ్చిన తిత్తి అయ్యే అవకాశం ఎక్కువ. మూలల్లో గాలి కారుతోందని మొత్తం మార్చేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మూలలకు లోపలి నుంచి పలుచటి తోలు ముక్కలు అతికితే చాలాసార్లు సరిపోతుంది.

ఇక రీడ్లు. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, యజమానుల చరిత్ర నిజంగా దాగి ఉన్నది ఇక్కడే.

మొదట నాలుక ఇత్తడిదా, ఉక్కుదా చూడండి. తొలిరోజుల్లో ఇత్తడి, తరువాత ఉక్కు. ఇత్తడి రీడ్ల గొంతు మెత్తన, ఇంట్లో పాటకు తోడుగా హాయిగా ఉంటుంది. ఉక్కుది బిగ్గరగా ఉంటుంది, అంత తేలికగా విరగదు. కొన్ని ఇత్తడి, కొన్ని ఉక్కు ఉంటే మధ్యలో ఎవరో గట్టిగా వాయించి విరగ్గొట్టారు, ఎవరో మార్చారు అని అర్థం. ఏ స్వరాలు మార్చారో రాసుకోండి. మధ్య స్థాయిలో ఒక రాగానికి కావలసిన స్వరాలే మారి ఉంటే, ఆ యజమాని ఎక్కువగా ఏ శ్రుతిలో వాయించేవారో కూడా ఊహించవచ్చు.

రెండోది గీతలు. రీడు కొన దగ్గర ఆకురాయితో రాస్తే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర రాస్తే తగ్గుతుంది. 19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్‌లో పాత ఫిల్‌హార్మోనిక్ శ్రుతి ఎక్కువలో ఉండేది, A స్వరం సుమారు 452 హెర్ట్జ్. 1896లో లండన్ సంగీత సంఘమైన ఫిల్‌హార్మోనిక్ సొసైటీ దాన్ని 439కి దించింది, ఇప్పుడు మనం వాడేది 440. మీ రీడ్ల మొదట్లో దాదాపు అన్నిటి మీదా ఒకేలాంటి గీతలు కనిపిస్తే, మొత్తం వాద్యాన్ని కొత్త శ్రుతికి దించారన్నమాట. అంటే 1896 తరువాత కూడా ఎవరో దాన్ని పియానోతోనో, బృందంతోనో కలిసి వాయించారు. గీతలు లేకుండా, శ్రుతి ఇప్పటికీ ఎక్కువలో ఉంటే, అప్పటికే అది బీరువాలోకి చేరి ఉండవచ్చు.

మూడోది నాకు అన్నిటికన్నా విలువైనది. మీ కాన్సర్టినాలో E ఫ్లాట్‌కూ D షార్ప్‌కూ వేరువేరు బొత్తాలున్నాయి. A ఫ్లాట్‌కూ G షార్ప్‌కూ కూడా అంతే. హార్మోనియంలో ఇవి ఒకే మెట్టు. తాతగారికి ఇది చెప్పండి, వెంటనే ఆసక్తి పడతారు. తొలి కాన్సర్టినాలు మీన్‌టోన్ అనే పాత శ్రుతి పద్ధతిలో ఉండేవి, దాన్లో ఈ రెండు స్వరాలూ నిజంగానే వేరు. పూర్తి మీన్‌టోన్‌లో తేడా 41 సెంట్లు, అంటే అర్ధస్వరంలో అయిదింట రెండు వంతులు. ఫోనులో శ్రుతి చూపే యాప్ పెట్టుకుని ఆ రెండు బొత్తాలూ విడివిడిగా నొక్కండి. రెండూ ఒకే చోట ఆగితే తరువాతి కాలంలో సమ విభజన శ్రుతికి, అంటే అర్ధస్వరాలన్నీ సమానంగా ఉండే ఇప్పటి పద్ధతికి, మార్చారు. ఎడం మిగిలి ఉంటే మాత్రం దయచేసి ఏ రీడూ ముట్టనివ్వకండి. పాత శ్రుతి మిగిలిన పెట్టెలు అరుదు. ఒకసారి రాస్తే తిరిగి రాదు. ప్రతి బొత్తానికీ నొక్కుడు, లాగుడు రెండు దిశల్లోనూ కొలత రాసి పెట్టండి. తాతగారి చెవి యాప్ కన్నా ముందే తేడా పట్టుకుంటుందని నా నమ్మకం.

ఇలాంటి గుర్తులను కాలంతో కలిపి చదవాలి. 1850లలో ఇది సంపన్నుల హాలులో వాయించే వాద్యం, స్త్రీలు కూడా వాయించేవారు. వీట్‌స్టన్ పద్దుల్లో వందల మంది స్త్రీల పేర్లున్నాయి. తరువాత ప్రధానమంత్రి అయిన ఆర్థర్ బాల్ఫోర్ కూడా వాయించేవారు. శతాబ్దం చివరికి అదే వాద్యం సంగీత శాలల వేదికలకు, ఉత్తర ఇంగ్లండ్ మిల్లు ఊళ్ల కాన్సర్టినా బ్యాండ్లకు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వీధి ప్రార్థనలకు చేరింది. హాలులో పుట్టిన పెట్టె పాతదై వేలంలోనో, తాకట్టు దుకాణంలోనో చవకగా దొరికి, కార్మికుల ఇళ్లకు వెళ్లేది. మీ దానికి బొటనవేలి పట్టీలు మార్చి ఉన్నాయా, జాలీ మీద వేళ్లు రాసుకున్న అరుగుదల ఎక్కడ ఉంది, బొత్తాల్లో ఏవి గుంటపడ్డాయి అన్నవి చూడండి. అలంకారంగా ఉంచినదీ, వాయించి అరగదీసినదీ ఒక చూపులో తేలిపోతుంది.

పెద్దావిడ విషయానికి వస్తే, ఆలస్యం చేయకండి. వచ్చే ఆదివారమే ఒక గంట అడగండి, ఆవిడ ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేయండి. 1851 గురించి వాదించకండి. ఆ కథను ఎవరు చెప్పారు, ఆ మనిషి ఏ ఊళ్లో ఉండేవారు, ఎవరు వాయించగా ఆవిడ స్వయంగా చూశారు అని అడగండి. ముఖ్యంగా ఆడవారి పుట్టింటి పేర్లు అడగండి. ఈ వాద్యం అమ్మ నుంచి కూతురికి, అత్త నుంచి మేనకోడలికి వచ్చి ఉంటే ప్రతి తరంలోనూ ఇంటిపేరు మారిపోతుంది. మన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది కదా. మగవారి ఇంటిపేరు ఒక్కదాన్ని పట్టుకుని పద్దులు వెతికితే, మొదటి యజమానురాలి పేరు కళ్ల ముందే ఉన్నా దాటిపోతాం.

కుటుంబ కథ తప్పని తేలినా దాన్ని పారేయకండి. మహా ప్రదర్శన వంటి పెద్ద సంఘటన చుట్టూ జ్ఞాపకాలు చేరడం సహజం. ఆయన ప్రదర్శన చూసి ఉండవచ్చు, కాన్సర్టినా మీద మోజు అక్కడ పుట్టి ఉండవచ్చు, కొన్నది పదేళ్ల తరువాత కావచ్చు. నేను రాసే నివేదికల్లో మూడు భాగాలు వేరుగా ఉంచుతాను: పద్దులో ఉన్నది, పెట్టెలో కనిపించినది, ఇంట్లో చెప్పుకున్నది. మీరూ అలాగే రాయండి. ఆ మూడూ ఒక పేరా లోపల కలిసిపోతే పదేళ్ల తరువాత ఏది రుజువో ఎవరూ చెప్పలేరు.

ఇది చదివి తమ దగ్గరున్న పెట్టె గురించి అడగబోయేవారికి చిన్న మాట. లాషెనాల్ కంపెనీ పద్దులు మిగలలేదు, వరస సంఖ్యను బట్టి రమారమి కాలం మాత్రమే చెప్పగలం. మరో తయారీదారు చార్లెస్ జెఫ్రీస్ పెట్టెలకు వరస సంఖ్యలే లేవు, వాటి మీది ప్రేడ్ స్ట్రీట్ చిరునామా ముద్రలు, పనితనం చూసి అంచనా వేయాలి. ఆ రెండింటికీ లోపలి పెన్సిల్ గీతల విలువ ఇంకా ఎక్కువ.

గుంటూరు ప్రయాణం. మొదట బొత్తాలు ఎముకవో, ఏనుగు దంతానివో తేల్చుకోండి. భూతద్దంలో ఎముక మీద సన్నని నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి. దంతంలో అడ్డకోతలో ఒకదానినొకటి దాటే వంపు గీతలుంటాయి. ఇలాంటి కాన్సర్టినాలకు ఎక్కువగా ఎముకే వాడారు. దంతమని అనుమానం ఉంటే సరిహద్దు దాటించకండి. భారత చట్టం ఈ విషయంలో చాలా కఠినం. బ్రిటన్‌లో కూడా దంతం ఉన్న వాద్యం అమ్మాలంటే, అది 1975కు ముందుదై, దంతం 20 శాతం లోపు ఉండి, ముందుగా నమోదు చేయించాలి.

ఎముకవే అయినా మే నెలలో తీసుకువెళ్లడం నాకు ఇష్టం లేదు. ఎండకు చెక్క కుంచించుకుపోయి రీడ్ల చట్రాలు గాళ్లలో వదులవుతాయి, పలుకు బొంగురుపోతుంది. వానాకాలం తేమకు చెక్క ఉబ్బి చట్రాలను నొక్కుతుంది, నాలుక చీలికలో ఇరుక్కుని మోగదు. డిసెంబరు, జనవరి నయం. తీసుకువెళితే చేతి సామానులోనే ఉంచండి, మడతలు మూసి, గట్టి పెట్టెలో, తేమను పట్టే పొట్లాలు ఎక్కువగా వేయకుండా పెట్టండి. అక్కడ పలకకపోతే హార్మోనియం పనివారికి ఇవ్వవద్దు. వారి పనితనం మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ హార్మోనియం రీడును పలక మీద ఉంచి రాసే పద్ధతి ఈ ఇత్తడి చట్రాలకు పనికిరాదు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు కాగితం మీద మూడు షరతులు రాయించుకోండి. తీసేసిన ప్రతి ప్యాడు, స్ప్రింగు, తోలు ముక్క, రీడు ఒక కవరులో తిరిగి ఇవ్వాలి. పాత రాతలు, చీటీలు ముట్టకూడదు. శ్రుతి మార్చేముందు మీ అనుమతి తీసుకోవాలి. వీటికి ఒప్పుకోని పనివారి దగ్గర నుంచి పెట్టె వెనక్కి తెచ్చేసుకోండి.

ప్రస్తుతానికి నాకు కావలసినవి చీటీ సంఖ్య పూర్తిగా, రెండు రీడ్ ప్యాన్ల ఫోటోలు, నాలుగైదు రీడ్ల మొదళ్లు దగ్గరగా తీసిన ఫోటోలు, E ఫ్లాట్, D షార్ప్ కొలతలు. ఇక్కడే పెట్టండి. పద్దులో ఏ పేజీల నుంచి వెతకడం మొదలుపెట్టాలో సంఖ్య చూసి చెబుతాను.